రెండు తలుపుల ఇల్లు

అల్లుడు నాలుగు కొండల అవతల ఉంటే ముద్దు, నాలుగడుగుల అవతల ఉంటే పరుగు. ఈ సంగతి ఎన్కుతోటో ఊళ్ళో నోల్మొంగికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కూతురు సీనోయ్‌ని పర్సలోయ్‌కిచ్చి పెళ్ళి చేసినప్పుడు ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. కుర్రాడు నిదానస్తుడు, పశువుల దగ్గర ఓపిక ఉన్నవాడు. ఆనవాయితీ ప్రకారం అత్తగారికి బలిసిన గొర్రెను తోలుకొచ్చి ఇచ్చాడు. ఆనాటి నుంచి ఆ అత్తా అల్లుళ్ళు ఒకరినొకరు "పేకర్" అనే చెప్పుకోవాలి, గొర్రెతో ముడిపడిన చుట్టరికం కాబట్టి. పేరు నోటితో అనకూడదు. ఎదురుపడకూడదు. ఒకరు తింటుంటే ఇంకొకరు చూడకూడదు. అతను ఇంట్లోకొస్తే ఆవిడ బయటికి, ఆవిడ దారిన వస్తుంటే అతను పొదల్లోకి. పగా కాదు, అలకా కాదు. భార్యను కన్న మనిషి ముందు కళ్ళెత్తి నిలబడే మగాడు మసాయి దేశంలో ఇంకా పుట్టలేదు, పుట్టినా వాడికి పిల్లనెవరిస్తారు?

పెళ్ళయిన కొత్తలో ఏ ఇబ్బందీ లేదు. అల్లుడిది కొండ అవతలి ఊరు. తర్వాత ఒక కరువు ఏడాది గడ్డి వెతుక్కుంటూ పశువులను ఇటు తోలుకొచ్చి, నోల్మొంగి ముళ్ళకంచెను ఆనుకునే తన కంచె వేసుకున్నాడు. వానలు పడ్డాక వెళ్ళిపోతాడనుకున్నారంతా. సీనోయ్ వెళ్ళనివ్వలేదు. అమ్మ పక్కన ఉండటం ఎవరికి చేదు? చేదంతా అమ్మ కాళ్ళకే. నుదుటికి పట్టీ వేసి వీపున నీళ్ళ డబ్బా మోసుకొస్తూ, దూరంగా అల్లుడి ఎర్రదుప్పటి కనిపిస్తే చాలు, ఆ భారీ మనిషి డబ్బాతో సహా చెట్టు చాటుకు ఒక్క గెంతు గెంతేది. ఒకసారి గెంతి గెంతి తుమ్మపొదలోనే పడింది. ఆ సాయంత్రం సవతి సిమలోయ్ ఆవిడ వీపు మీద ముళ్ళు ఏరుతూ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అక్కా, సింహం ఎదురొచ్చినా నువ్వింత వేగంగా పరిగెత్తవు కదే!"

"సింహానికి నా కూతుర్నివ్వలేదుగా! మాట్లాడకుండా ముల్లు తియ్యి."

నోల్మొంగి తన చేతులను నమ్ముకున్న మనిషి. ఆ లోయలో ఇళ్ళు కట్టేది ఆడవాళ్ళే, కానీ అందరి చేతులూ ఒకలాంటివి కావు. కొమ్మలు పాతి, విల్లులా వంచి కట్టి, పేడా మన్నూ బూడిదా కలిపి ఆవిడ పూసిన గోడ పెద్దవానకు కూడా చెమర్చదు. చుట్టుపక్కల ఎవరి ఇల్లు కారినా "నోల్మొంగిని పిలవండి" అనేవారు. ఆవిడ వచ్చి ముందు తిట్టేది. "ఇది గోడా, జల్లెడా? పేడ పిసకడానికి కూడా బద్ధకమేనా?" అని తిట్టి, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పొద్దుగూకేదాకా పూసిపెట్టేది. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆవిడ నవ్వితే నదీతీరంలో మేస్తున్న గాడిదలు చెవులు రిక్కించేవి.

అలాంటి మనిషికి ఒక కోరిక పుట్టింది. జంతువులను చూడవచ్చే విదేశీయుల బళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఎన్కుతోటో మీదుగానే పోతున్నాయి. వాళ్ళు పడుకునేది ఎవరివో డేరాల్లో, తినేది ఎక్కడి నుంచో వచ్చిన తిండి, అడవి చూపించేది ఎవరో పరాయివాళ్ళు. ఈ ఊరివాళ్ళకు మిగిలేది దుమ్ము, ఆ దుమ్ములోంచి ఊపే చేతులు. "చెయ్యి ఊపితే కడుపు నిండుతుందా?" అంది నోల్మొంగి ఒకరోజు నీళ్ళ దగ్గర ఆడవాళ్ళతో. "వాళ్ళు మన ఇళ్ళలో పడుకోవాలి. మన దారుల్లో నడవాలి. మన మగాళ్ళే అడవి చూపించాలి. వచ్చినదాంతో ఊట దగ్గర నుంచి ఊళ్ళోకి నీళ్ళగొట్టం వేయించుకోవాలి. మన వీపులూ గాడిదల వీపులూ కాస్త తేరుకుంటాయి." మొదట అందరూ నవ్వారు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది, చెప్పిందే చెప్పింది, విసుక్కున్న చోట వాళ్ళ గోడలు పూసిపెట్టి మరీ చెప్పింది. చివరికి ఊరి పెద్ద తులిత్ తాత నైరోబీలో ఉన్న ఒక చిన్న యాత్రల సంస్థకు కబురు పెట్టక తప్పలేదు. గుంపులుగా కాకుండా నలుగురైదుగురిని మాత్రమే, అదీ నడకమీద తిప్పే సంస్థ అది.

అక్కడి నుంచి చెబెత్ అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, బూట్లకు బురద అంటినా లెక్కచేయలేదు. పెద్ద తుమ్మచెట్టు నీడలో సభ. నోల్మొంగి మాత్రం సభలో లేదు, దూడల దొడ్డి వెనక నక్కి వింటోంది. ఎందుకంటే చెట్టు కింద మగాళ్ళలో అల్లుడు కూర్చుని ఉన్నాడు.

"అతిథులకి అడవి చూపించేదెవరు?" అని అడిగింది చెబెత్.

"పర్సలోయ్!" అన్నారంతా. ఆ పనికి చదువుకుని వచ్చినవాడు ఊళ్ళో అతనొక్కడే, అతిథుల భాష వచ్చినవాడూ అతనే.

"ఇంట్లో పెట్టుకుని చూసుకునేదెవరు?"

"నోల్మొంగి!" ఈసారి ఆడవాళ్ళ గొంతులు.

"బాగుంది. అయితే ఇద్దర్నీ పిలవండి, పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడదాం."

చెట్టుకింద ఎవరో దగ్గారు. తులిత్ తాత నస్యం డబ్బీ తీసి, పీల్చి, మళ్ళీ మూత పెట్టాడు. "ఇద్దర్నీ పిలవచ్చమ్మా. పక్కపక్కన కూర్చోబెట్టడమే కుదరదు."

"ఏం, పడదా ఇద్దరికీ?"

"అబ్బే, మహా ప్రేమ! అత్తా అల్లుళ్ళు."

విషయం విన్నాక చెబెత్ తల పట్టుకుంది. "పెద్దాయనా, మీ పద్ధతిని నేనేమీ అనను. మా అమ్మమ్మ వాళ్ళవైపూ ఇలాంటివి ఉండేవట. కానీ నా అతిథులు నడిచి నడిచి అలిసిపోయి వస్తారు. తీసుకొచ్చినవాడే ఇంటావిడకి అప్పజెప్పాలి. వాళ్ళేం అడిగినా అతను ఆవిడకి చెప్పాలి, ఆవిడ మాట వాళ్ళకి చెప్పాలి. ఒకరుంటే ఒకరు పారిపోతే ఎలా? ఇద్దర్లో ఎవరో ఒకరు మారాల్సిందే. వానలు తెరిపిచ్చాక వస్తా, అప్పటికి పేర్లు తేల్చండి. దాచడమెందుకు, నది అవతలి ఊరివాళ్ళు కూడా రమ్మంటున్నారు నన్ను."

దొడ్డి వెనక నోల్మొంగి అంతా విని ఇంటికి పోయింది. ఆ రోజు ఆవిడ ఎవరినీ తిట్టలేదు. అది చూసి సిమలోయ్‌కి భయం వేసింది. రెండు రోజులు పూసిన గోడనే మళ్ళీ పూసింది. తను కన్న కల, తను కాళ్ళరిగేలా తిరిగి నిలబెట్టిన కల. అందులోంచి తనే తప్పుకోవాలా? తప్పుకోకపోతే అల్లుడు తప్పుకోవాలి. సీనోయ్ కడుపుతో ఉంది. ఈ పని దొరికితే పర్సలోయ్ పశువులను వేసుకుని దూరపు గడ్డిభూములకు పోనక్కర్లేదు, భార్య పక్కనే ఉంటాడు. ఇంకేం ఆలోచన?

"సిమలోయ్, ఇలా రా. నా బదులు నువ్వుంటావు" అంది మూడోరోజు పొద్దున.

సిమలోయ్ చేతిలోని పాలబుర్ర జారింది. "నేనా? అక్కా, మొక్కజొన్నపిండి ఉగాలి కూడా మాడ్చకుండా వండటం నావల్ల కాదు! మన మొగుడే నా వంటకి దండం పెడతాడు, ఇక విదేశాల వాళ్ళేం చేసుకుంటారే?"

"నేర్చుకో. ఇంకో మాట. ఆ చెబెత్ వచ్చేదాకా ఎవరితోనూ అనకు. సీనోయ్‌కి తెలిస్తే నన్ను ఊరుకోనివ్వదు."

సిమలోయ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సగం అక్క మీద జాలితో, సగం తన వంట మీద భయంతో.

వానలు తెరిపిచ్చాయి. చెబెత్ వచ్చింది. మళ్ళీ చెట్టుకింద సభ. వెళ్ళకూడదనుకుంటూనే నోల్మొంగి దూడల దొడ్డి వెనక్కి చేరి, కొమ్మల సందులోంచి చెవి పెట్టింది. అల్లుడికి పని ఖాయమైందన్న మాట తన చెవులతో వింటే చాలనుకుంది.

సిమలోయ్ లేచి నిలబడింది. "అక్క తప్పుకుంది. నేనుంటాను. ముందే చెప్తున్నా, నాకు వంట రాదు."

తులిత్ తాత నోరు తెరిచాడు. "ఇదేంటే! పర్సలోయ్ తప్పుకున్నాడు, అతని బదులు ఇంకొకడిని చూస్తున్నామని నేను చెప్పబోతుంటే! 'ఆలోచన పుట్టింది పేకర్ బుర్రలో, ఆవిడ లేకపోతే యాత్రెందుకు తాతా' అని నాతో ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని!"

"ఏంటీ!" అంటూ దొడ్డి వెనక నోల్మొంగి లేచింది.

"ఏంటీ!" అంటూ అదే దొడ్డికి అటుపక్క నుంచి ఒక ఎర్రదుప్పటి లేచింది. అత్తగారికి పని ఖాయమైన మాట వినాలని అతనూ వచ్చి నక్కాడు మరి!

ఇద్దరూ లేచింది ఒకేసారి, ముఖాలు తిప్పుకుని కూలబడింది ఒకేసారి. మధ్యలో దూడలు బెదిరి అంబా అంటూ గోల. చెట్టుకింద ఊరంతా విరగబడి నవ్వింది. నవ్వీ నవ్వీ తులిత్ తాత నస్యం ఎక్కడికో ఎక్కి ఉక్కిరిబిక్కిరైపోయాడు. మాటా మాటా అనుకోలేని ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా త్యాగాలు చేస్తే ఇంతే, రెంటికీ చెడ్డ రేవడి!

సీనోయ్ ఒక్కతే నవ్వలేదు. నిండు కడుపుతో దొడ్డి ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అమ్మా! నువ్వటే కూర్చో, కదిలావంటే చూడు. ఏమయ్యా, నువ్వూ అటే! ఒకరంటే ఒకరికి ఇంత ప్రేమ కారిపోతుంటే, మధ్యలో నేనొకదాన్ని ఉన్నానుగా, నాతో ఒక్క మాట చెప్పి చావచ్చుగా? ఇప్పుడేమైంది? అడవి చూపించేవాడూ లేడు, అన్నం పెట్టేదీ లేదు!"

"అదే నేనూ అనుకుంటున్నా" అంది చెబెత్ సంచి భుజానికి వేసుకుంటూ. ఆ పిల్ల ముఖంలో నవ్వుంది గానీ గొంతులో లేదు. "పేర్లు తేల్చమన్నాను, ఉన్న పేర్లే పోయాయి. మీరంటే నాకిష్టమే పెద్దాయనా. కానీ అతిథులు వచ్చే నెలలోనే దిగుతున్నారు. ఇవాళే నది దాటి అవతల మాట్లాడుకోవాలి నేను."

బండి తలుపు తీసిన చప్పుడు నోల్మొంగికి వినబడింది. ఇన్నాళ్ళ తిరుగుడు, ఇన్ని గోడల పూత, ఆడవాళ్ళందరి ఆశ ఆ బండి ఎక్కి పోతున్నాయి. ఆవిడకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ బుర్ర బాగా పనిచేస్తుంది.

"సిమలోయ్!" అని కంచె వెనక నుంచి కేక పెట్టింది. "ఆ పిల్లని ఆగమను! ఇంటికి రెండు తలుపులు పెడతా!"

ఊరంతా దొడ్డి వైపు తిరిగింది. తాతల కాలం నుంచీ ఇంటికి ఒక్కటే తలుపు. వంగి దూరాలి, వంపు తిరిగి లోపలికి పోవాలి.

"ఇంటికి రెండు తలుపులేంటే?" అన్నాడు తులిత్ తాత. "హైనా ఒకదాన్లో దూరి ఇంకోదాన్లోంచి పోవడానికా?"

"హైనా సంగతి నేను చూసుకుంటా. నడిమధ్యన అడ్డగోడ కడతా, నా తల ఎత్తున. అతిథులు దాని చివర, రెండువైపులా అందేలా కూర్చుంటారు. తూర్పు తలుపు వాళ్ళని తీసుకొచ్చేవాడిది. పడమటి తలుపు నాది. గోడకి అటు కూర్చుని అతను మాట్లాడతాడు, ఇటు కూర్చుని నేను వడ్డిస్తా. నా మాట అతనికి వినబడుతుంది, అతని మాట నాకు వినబడుతుంది. ఎదురుపడేదీ లేదు, పారిపోయేదీ లేదు. అర్థమైందా, ఇంకా చెప్పాలా?"

చెబెత్ బండి తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు దొడ్డి అటుపక్క నుంచి నెమ్మదైన మగ గొంతు వినిపించింది. "తాతా, పేకర్ చెప్పింది కుదురుతుంది. నీళ్ళకి పోయే పడమటి దారి ఎలాగూ ఆడవాళ్ళదే. అతిథుల్ని నేను తూర్పు గుట్ట దిగి తీసుకొస్తా. వస్తూ వస్తూ నా ఎద్దుని పొగిడే ఎద్దుపాట పాడుతుంటా, దూరం నుంచే తెలుస్తుంది."

చెబెత్ సంచి దించి మళ్ళీ కూర్చుంది. "అయితే మిగతాది కూడా ఇప్పుడే తేల్చండి. ఇలాగే, దొడ్డికి అటొకరు ఇటొకరు. కుదురుతుందో లేదో నేనూ చూస్తా."

ఎన్కుతోటో యాత్ర మొత్తం అలా దూడల వీపుల మీదుగానే తయారైంది. ఒకవైపు సిమలోయ్, ఒకవైపు తులిత్ తాత మాటలు మోశారు. నోల్మొంగి అంది, పొద్దున పాలు పితికేటప్పుడు అతిథులు దొడ్డిలో ఉండాలి, ఆవును తాకకుండా పోయినవాడికి ఈ దేశం ఏం తెలుస్తుందని. పర్సలోయ్ అన్నాడు, ఆ తర్వాత ఏటి ఒడ్డుకి తీసుకుపోతా, ఏనుగుల అడుగులు చూపిస్తా, పచ్చిక కోలుకుంటున్న వైపు మాత్రం ఎవర్నీ తొక్కనివ్వనని.

"సింహం కనిపిస్తుందని రాసివ్వమంటారు అతిథులు" అంది చెబెత్.

"సింహాలు మా చుట్టాలు కావమ్మా, విందుకి పిలిస్తే రావడానికి" అన్నాడు పర్సలోయ్. "కనిపిస్తే సంతోషం. కనిపించకపోతే వాటి అడుగుజాడలు చూపిస్తా, అదీ బాగుంటుంది."

"పేకర్ బాగా చెప్పాడు" అంది నోల్మొంగి, సిమలోయ్ నోరు తెరవకముందే.

"అక్కా, అది నేను నీకు చెప్పాలి కదా!"

"నువ్వు చెప్పేదాకా నా చెవులు పడుకుంటాయా? చూడకూడదన్నారు గానీ వినకూడదని ఎవరన్నారే?"

"మరి నేనెందుకు ఇక్కడ నిలబడ్డం?"

"అందానికి. నిలబడు." చెట్టుకింద మళ్ళీ నవ్వులు. తర్వాత నోల్మొంగి గొంతు గట్టిపడింది. "చెబెత్, ఒక్కమాట. మేం ఒకరికొకరు తప్పుకోవడం ఆట కాదు. దాన్ని చూడ్డానికి రండి అని నువ్వు ఎక్కడా చెప్పకూడదు. గోడ మీద నుంచి ఫొటో డబ్బా తొంగిచూసిందా, గరిటెతో కొడతా."

"నేనే కొడతా, నువ్వు లేవక్కర్లేదు" అంది చెబెత్.

ఆ మర్నాడే ఇల్లు మొదలైంది. పొద్దున్నే నోల్మొంగి వెళ్ళేసరికి స్థలంలో పొడుగాటి పచ్చి కొమ్మలు మోపులుగా పేర్చి ఉన్నాయి. ఎవరు కొట్టి తెచ్చారో అడగక్కర్లేదు, ఆకులు దూసి, సరిగ్గా వంగే వయసున్న కొమ్మలే ఏరి తెచ్చారు. ఆవిడ వాటిని పాతడం మొదలుపెట్టింది. సాయంత్రం వెళ్ళిపోతూ మూతపెట్టిన పాలబుర్ర ఒకటి కొమ్మల పక్కన ఉంచింది. మర్నాడు బుర్ర ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది, పక్కన ఇంకో మోపు. అలా ఇల్లు లేచినన్నాళ్ళూ మోపులూ బుర్రలూ మాట్లాడుకున్నాయి.

రెండు తలుపులు పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటిసారి పొయ్యి రాజేస్తే గాలి ఒక తలుపులోంచి దూరి, పొగనంతా ముఖాన కొట్టి, రెండోదాంట్లోంచి పోయింది. చూడవచ్చిన ఆడవాళ్ళు దగ్గుకుంటూ బయటపడ్డారు. "నోల్మొంగి, ఇందులో అతిథుల్ని పెడతావా, మాంసం ఎండబెడతావా?" అని ఒకావిడ మూతి తిప్పింది.

"ముందు నిన్నే వేలాడదీస్తా, దా!" అని అరిచి, మళ్ళీ నోల్మొంగి మోకాళ్ళ మీద కూర్చుంది. పడమటి తలుపు పడగొట్టి, నత్త గుల్లలా ఇంకో వంపు తిప్పి కట్టింది. పొగ బుద్ధిగా పైకి పోయింది. అడ్డగోడను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. మూడు పూతలు పూసి, అరచేత్తో నున్నగా దువ్వి, పక్కకెళ్ళి నిలబడి చూసుకుని, మళ్ళీ దువ్వింది.

మొదటి అతిథులుగా ఒక ముసలి జంటను తీసుకొచ్చింది చెబెత్. ఎక్కడో చలిదేశం వాళ్ళు. భర్త మాట్లాడడు, భార్య ఆపదు. వీళ్ళు మెచ్చితే ఎన్కుతోటో, లేకపోతే నది అవతల. ఆ మాట చెబెత్ అందరికీ ముందే చెప్పింది. పొద్దున పాలు పితికేటప్పుడు ఆ ముసలావిడ ఆవు పొదుగు పట్టుకుని చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. తర్వాత పర్సలోయ్ వెంట కర్రలు పట్టుకుని నడకకు పోయారు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తూర్పు గుట్ట మీద ఎద్దుపాట వినబడింది. ఇంట్లో నోల్మొంగి కాళ్ళు అలవాటుగా లేచాయి పరుగుకు. సీనోయ్ భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఇవాళ పరిగెత్తక్కర్లేదమ్మా. గోడ ఉంది."

నిజమే కదా! అల్లుడు వస్తున్నాడు, తను కూర్చునే ఉంది. ఆవిడకు ఎంత వింతగా, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. తూర్పు తలుపులోంచి అడుగుల చప్పుడు, గోడకు అటు పర్సలోయ్ కూర్చున్న చప్పుడు. అతిథులు, వాళ్ళ పక్కన చెబెత్, గోడ చివర మెత్తటి తోళ్ళ మీద చతికిలబడ్డారు. జిరాఫీలను చూశారట, ఏనుగు పేడలో వేలు పెట్టి వెచ్చగా ఉందో లేదో చూశారట. సింహం కనబడలేదు గానీ అది పడుకుని లేచిన గడ్డి మీద ముసలావిడ తనూ పడుకుని చూసిందట. ఆవిడ ఒక్కో మాటా అంటుంటే, పర్సలోయ్ దాన్ని గోడ మీదుగా ఇటు చెప్పాడు. నోల్మొంగి అన్నవి అటు చెప్పాడు. ఉగాలి, మేక మాంసం పులుసు, పొగవాసన పట్టిన చిక్కటి పాలు గోడ చివర నుంచి వెళ్ళాయి. మాట్లాడని ముసలాయన రెండోసారి పెట్టించుకున్నాడు.

తినడం అయ్యాక ముసలావిడ గోడను అటూ ఇటూ చూసింది. పర్సలోయ్ వైపు వంగి ఏదో అడిగింది. చెబెత్ ముఖం పాలిపోయింది. పర్సలోయ్ ఈసారి దాన్ని ఇటు చెప్పకుండా దుప్పటి సర్దుకున్నాడు.

"ఏమడిగింది?" అంది నోల్మొంగి. "అతిథి ఏమన్నా నాకు చెప్పాలని కదా మాట."

పర్సలోయ్ చెప్పక తప్పలేదు. "ఈ గోడ ఎందుకని అడుగుతున్నారు. నీకు మీ అత్తగారంటే ఇష్టం లేదా అని."

సీనోయ్ గోడ దగ్గరికి జరిగింది. గుమ్మంలో సిమలోయ్ చేతిలోని గిన్నె కింద పెట్టింది. పర్సలోయ్ జవాబు అతిథుల భాషలో చెప్పాలి. కానీ ఆ క్షణాన అతనికి ఆ భాష గుర్తురాలేదు కాబోలు, తన భాషలోనే, గోడకేసి చెప్పాడు.

"ఇష్టం లేనివాళ్ళకి ఎవరైనా దారిస్తారా? ఈ లోయలో నేను పక్కకి తప్పుకునేది ఒక్క మనిషి కోసమే. పేకర్ ముఖం ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలీదు. సీనోయ్ నవ్వినప్పుడల్లా, ఇలాగే ఉంటుందేమో అనుకుంటా."

ఎన్కుతోటోలో ఎవరికీ ఎప్పుడూ బదులు లేకుండా వదలని నోల్మొంగి గోడ మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళలోంచి నీళ్ళు కారి మెడలోని పూసల మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. పక్కన సీనోయ్ ఏడుస్తూనే నవ్వుతోంది. అటు చివర, ఏమన్నాడో చెప్పమని ముసలావిడ చెబెత్ చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. చెబెత్ చెప్పింది. విన్నాక ముసలావిడ తన ముసలాయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, తర్వాత చెబెత్‌తో ఏదో గట్టిగా అంది.

"వీళ్ళ అక్కచెల్లెళ్ళందర్నీ ఇక్కడికే పంపిస్తారట" అంది చెబెత్ ముక్కు తుడుచుకుంటూ. "నది అవతలికి ఇవాళే కబురు పెడతా, నేను రావడం లేదని. నోల్మొంగి, ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్ని కట్టగలవు?"

నోల్మొంగి ఆ మాట విన్నట్టే లేదు. కళ్ళు తుడుచుకుని గోడకు దగ్గరగా జరిగింది.

"సీనోయ్, ఆ పేకర్‌కి చెప్పు. నవ్వు నాదే. ముక్కు మాత్రం మీ నాన్నది, దాన్ని నా ముఖానికి పెట్టి చూసుకోవద్దను!"

గోడ అవతల అల్లుడు పగలబడి నవ్వాడు. ఆ నెమ్మదైన కుర్రాడు అంత పెద్దగా నవ్వుతాడని ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు.